మెనూలో అడుగు వరుస

భ్రమరాంబిక మౌసు కుడి మీట నొక్కి, బల్లకు అవతల కూర్చున్న రైతు ముఖంలోకి ఒకసారి చూసింది. తెరమీద తెల్లటి మెనూ జారింది. వెనక్కి పోవడం, ముందుకు పోవడం, పేజీని దాచుకోవడం, ప్రింటు తీయడం, ఇలా ఇంగ్లీషు వరుసలు ఒకదాని కింద ఒకటి దిగుతూ పోయి, దాదాపు తెర అంచును తాకేచోట పేజీని తెలుగులోకి మార్చే వరుస ఉంది. ఆమె బాణపు గుర్తును అంతదాకా దించబోయింది. వేలు తొందరపడి దారిలోనే పక్కన తగలడంతో మెనూ మూసుకుపోయింది. విసుక్కోకుండా మళ్లీ తెరిచి, మళ్లీ దించి నొక్కింది. పంట బీమా దరఖాస్తు పేజీ ఒకసారి వణికి, పైనుంచి కిందికి అక్షరాలు తెలుగులోకి మారాయి. అప్పుడామె కుర్చీలోంచి సగం లేచి, మానిటరును రెండు చేతులతో పట్టుకొని రైతు వైపు తిప్పింది.

"సదువుకో తాతా. తప్పుంటే ఇప్పుడే సెప్పు. ఏలు పెట్టినాక నన్నడగొద్దు."

ఉయ్యాలవాడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆ ముసలి రైతు కళ్లద్దాలు తుడుచుకొని, చూపుడు వేలు తెరకు ఆనించి, ఒక్కొక్క అక్షరాన్నీ పలకసాగాడు. ఆయన వెనుక వరుస కేంద్రం గడప దాటి ఎండలోకి పోయింది. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఇంద్రజ ఇదంతా చూస్తోంది.

జిల్లాలో ఆన్‌లైన్ సేవా కేంద్రాలు నడిపే ఒక సంస్థ తన ఆపరేటర్ల కోసం సొంతంగా బ్రౌజర్ చేయించుకుంటోంది. ఆ పని నంద్యాలలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు దక్కింది. అందులో కుడి మీట నొక్కితే దిగే మెనూను త్వరగా వాడుకునేటట్టు మార్చడం ఇంద్రజ వంతు. మెనూ తెరిచిన క్షణం నుంచి వరుస నొక్కే క్షణం దాకా ఎంతసేపు పడుతోందో, ఒక దరఖాస్తు మొత్తానికి ఎంతసేపు పడుతోందో కొలిచే ఏర్పాటు ఆమె పొద్దున్నే ఈ ఆళ్లగడ్డ కేంద్రంలోని కంప్యూటరులో పెట్టింది. కొలతకు కనబడనిదేమైనా ఉంటే కంటితో చూద్దామని ఆగిపోయింది.

"మీ కొమ్మను ఎంచుకోండి," అని చదివి రైతు ఆగాడు. "ఏం కొమ్మ పాపా ఇది? యాపకొమ్మనా?"

"బ్యాంకు బ్రాంచి తాతా. మిషను తెలుగు అట్లే ఏడుస్తాది. కింద సూడు."

రైతు వేలు కిందికి జరిగింది. పేరు సరిగ్గా ఉంది. తండ్రి పేరు సరిగ్గా ఉంది. తరువాతి గడి దగ్గర వేలు నిలిచింది.

"వరి? వరి యాడిదమ్మా మాకు? మాది సెనగ గదా! వరి ఏసేకి నీళ్లు ఎవురిచ్చినారు?"

వెనుక వరుసలో నవ్వులు లేచాయి. "బోరు లేకుండానే మడి కట్టించినావు గదమ్మే ముసిలాయనతో," అన్నాడొకడు. భ్రమరాంబిక నాలుక కరుచుకుంది. ఆ గడిలో ఏదీ ఎంచుకోకపోతే వరి దానంతటదే నిలబడుతుంది. పొద్దుటి నుంచి ఎన్నో దరఖాస్తులు నింపిన చెయ్యి అక్కడ ఆగకుండా జారిపోయింది. మానిటరును తన వైపు తిప్పుకొని, శనగ అని మార్చి, మళ్లీ ఆయన వైపు తిప్పింది. ఆయన ఆ గడి ఒక్కటే చూడలేదు. మొదటి నుంచి మళ్లీ చదివాడు. చదివి, వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టాడు.

కొలతలో ఆ దరఖాస్తు, అంతకు ముందు అన్ని కేంద్రాల్లో కొలిచిన వాటన్నిటికంటే నెమ్మదైనదిగా నమోదైంది.

కేంద్రం యజమాని లక్ష్మీనరసింహం అహోబిలం మనిషి. అన్నదమ్ములు అక్కడ గుడి కైంకర్యంలో ఉంటే, ఆయన ఆళ్లగడ్డలో ఈ కేంద్రం పెట్టుకున్నాడు. వరుసలో చంకబిడ్డతో నిలబడ్డ ఒకామెను లోపలికి పిలిచి ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఇంద్రజ దగ్గరకు వచ్చాడు.

"చూస్తున్నావు కదమ్మా. తప్పు పట్టడానికి లేదు, పిల్ల మంచిది. కానీ ఎండలో నిలబడ్డవాళ్లు నన్ను తిడుతున్నారు. త్వరగా అయ్యే దారేదైనా చూడు."

ఆయన అన్నదానిలో అబద్ధం లేదు. ఎండ నిజం, చంకబిడ్డ నిజం.

మధ్యాహ్నం కేంద్రం తలుపు సగం మూసి, భ్రమరాంబిక జొన్నరొట్టె విప్పి, సగం తుంచి ఇంద్రజ చేతిలో పెట్టింది.

"నన్ను సూసేకి వచ్చినావా అక్కా?"

"నిన్ను కాదు. మెనూను చూసేకి వచ్చినా."

"మెనూ ఒంటిగా దిగుతాదా? నేను నొక్కితే గదా దిగేది."

ఇంద్రజ నవ్వింది. "సరే, అట్ల తెలుగులోకి మార్చి, తిప్పి చూపించేది నీకు ఎవరు నేర్పించినారు?"

"నేర్పిచ్చేదేముంది?" భ్రమరాంబిక మిరపకారం రొట్టెకు అద్దుకుంటూ అంది. "ఆత్మకూరు పైన అడివిలో మా గూడెం. జీపు వస్తాది, కాయితం తెస్తారు, ఏలు పెట్టండంటారు. మావోళ్లు అందురూ పెట్టినారు. నేనూ పెట్టినా. దాంట్లో ఏముండాదో ఈ పొద్దుటికీ తెల్దు." ముద్ద మింగి, "ఈడ కూచున్నాక అట్ల సేసేకి చెయ్యి రాలే," అంది.

*

రెండు రోజుల తరువాత నంద్యాల ఆఫీసులో, రూబెన్ గోడమీది పెద్ద తెరపై ఇంద్రజ గీసిన కొత్త మెనూను తెరిచాడు. ఆఫీసు ఆయనది; నలుగురు ఉద్యోగుల జీతాలు ఈ బ్రౌజరు పని మీదే నడుస్తున్నాయి.

కొత్త మెనూ చూడడానికి బాగుంది. ఆ సంగతి ఇంద్రజకు తెలుసు. నెల రోజులు దానితో కుస్తీ పట్టింది. చేరవలసిన చోటు దగ్గరగా, పెద్దదిగా ఉంటే చెయ్యి త్వరగా చేరుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు, గంటసేపు కొలిస్తే ఎవరికైనా తేలే విషయం. అందుకని ఎక్కువమంది వాడే ఆరు వరుసలను బాణపు గుర్తుకు దగ్గరగా, పెద్ద అక్షరాలతో ఉంచింది. మిగిలినవన్నీ 'మరిన్ని' అనే ఒక్క మాట వెనక్కి పోయాయి. తెలుగు వరుసను అక్కడికి పంపింది ఆమే. వాడకం లెక్కల్లో అది అట్టడుగున ఉంది. అప్పటికామె ఆళ్లగడ్డ పోలేదు.

"దాన్ని పైకి తేవల్ల సార్," అంది ఇంద్రజ.

రూబెన్ లెక్కల పటం తెరిచాడు. మిగతా వరుసలకు నిలువు కడ్డీలు లేచి ఉన్నాయి. తెలుగు వరుసకు ఉన్నది కడ్డీ అనడానికి లేదు, గీత. "ఇది చూడు. ఈ కాస్త కూడా ఒకే ఒక్క మిషను నుంచి వచ్చింది. ఒక్క మిషను కోసం అందరి మెనూలో ఒక వరుస పెడతామా?"

"ఆ ఒక్క మిషను దగ్గరే ఒకాయన పంట మారిపోకుండా ఆగింది. నేను కండ్లారా చూసినా. శనగ వేసినోనికి వరి అని పోతే, రేపు నష్టపరిహారం వస్తుందా?"

"అది లెక్కలో యాడుంది?"

ఇంద్రజ తెరవైపు చూసింది. ఎన్నిసార్లు నొక్కారో లెక్కలో ఉంది. ఎంత త్వరగా నొక్కారో ఉంది. జరగబోయి ఆగిపోయిన తప్పు ఎక్కడా లేదు. ఉండడానికి వీలూ లేదు. జరగనిది జాడ వదలదు. మిగతా కేంద్రాల్లో ఎన్ని శనగచేలు వరిమళ్లుగా మారి వెళ్లిపోయాయో చెప్పే కొలత తన దగ్గర లేదు. అసలేమీ మారలేదేమో కూడా తెలియదు. చూసింది ఒక్క సంఘటన. ఒక్క సంఘటనతో సిద్ధాంతం చేయకూడదని ఆమె నేర్చుకున్న చదువే చెబుతుంది.

"లేదు సార్," అంది.

"అదే గదా నేననేది. నాకు మాత్రం కోపమా ఆ పిల్ల మీద?" రూబెన్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. గొంతు తగ్గింది. "ఇంకో మాట. మనం తీసిన టైములు మనిషివారీగా ఇమ్మన్నారు సంస్థవాళ్లు. ఇచ్చినాను. కొత్త బ్రౌజరు వచ్చిన వారంలో సగటు కన్నా నెమ్మదిగా ఉన్నవాళ్లను పక్కన పెడతారంట. ఆళ్లగడ్డ అమ్మాయి చానా వెనకబడి ఉంది."

"మనం కొలిచింది మెనూను సార్."

"వాళ్లు కొన్నది కొలతను."

అన్ని కేంద్రాల మనుషులనూ కూడి, భాగించి తీసిన ఆ సగటు మనిషి ఏ బస్సూ ఎక్కి రాలేదు, ఎవరి ఎదుటా కూర్చోలేదు. అయినా ఇప్పుడు భ్రమరాంబిక కుర్చీ పక్కన నిలబడి ఉన్నది వాడే.

"వాళ్లకు ఒక మాట చెప్పండి సార్. ఆళ్లగడ్డలో ఒక వారం తెలుగు వరుస పైన పెట్టి చూస్తామని. వాడకం పెరిగితే ఉంచుకుందాం. లేకుంటే నేనే తీసేస్తా."

రూబెన్ ఫోను చేశాడు. అవతలివాళ్లు ఒప్పుకున్నారు.

తరువాతి రెండు రోజులూ ఇంద్రజ ఆ ఒక్క వరుస మీదే పనిచేసింది. కుడి మీట నొక్కగానే, బాణపు గుర్తుకు ఆనుకొని మొదట అదే కనబడేటట్టు చేసింది. చేతికి ప్రయాణమే లేదు. ఇంగ్లీషు పేరు తీసేసి 'తెలుగులో చూపు' అని రాసింది. నొక్కితే అక్షరాలు పెద్దవి అవుతాయి. బ్యాంకు కొమ్మలను బ్రాంచీలు చేసింది. తెలుగు వరుస చేరడానికి పట్టే సమయమే భ్రమరాంబికను వెనక్కి లాగుతోందనీ, అది తీసేస్తే పిల్ల సగటును దాటుతుందనీ, వరుసా, కుర్చీ రెండూ నిలుస్తాయనీ ఆమె నమ్మింది. నమ్మకం అనే మాట తన పనిలో వాడదగినది కాదని తెలిసినా, అది నమ్మకమే.

*

సోమవారం పొద్దున్నే ఆళ్లగడ్డలో కొత్త బ్రౌజరు ఎక్కించారు. లక్ష్మీనరసింహం కంప్యూటరు మీద ఒక తులసిదళం పెట్టి, కళ్లు మూసుకొని తెరిచాడు. తులసి వల్ల నెట్ వేగం పెరుగుతుందని ఆయనా అనలేదు. పెట్టకుండా మాత్రం ఉండలేకపోయాడు.

"నా పేరు అడుగున ఉండాదంట గదక్కా," అంది భ్రమరాంబిక. "లక్ష్మీనరసింహం సామి సెప్పినాడు."

"ఇంక ఉండదు. ఇది చూడు." ఇంద్రజ ఆమె చేతిమీద చెయ్యి వేసి మౌసు కుడి మీట నొక్కించింది. మెనూ విప్పుకుంది. చెయ్యి కదపకుండా అదే వేలితో ఇంకోసారి. పేజీ తెలుగైంది.

"అబ్బో!" భ్రమరాంబిక ముఖం విప్పారింది. "అడుగుదాకా పాకాల్సిన పని లేదే. దేవుని పటం మాదిరి పైన పెట్టినావు తెలుగును."

మొదట వచ్చినామె ఒక ముసలమ్మ, పింఛను మార్పు కోసం. భ్రమరాంబిక చకచకా నింపింది. కుడి మీట, వేలు, తెలుగు. రెప్ప వేసినంతలో అయిపోయింది. మానిటరు తిప్పింది. ముసలమ్మకు చదువు రాదు. భ్రమరాంబిక వంగి, ఒక్కొక్క గడీ చదివి వినిపించింది. "మల్లా సెప్పు," అంది ముసలమ్మ. మళ్లీ చెప్పింది. "మా కోడలి పేరు యాడ పెట్టినావు?" "కోడలి పేరు దీంట్లో ఉండదవ్వా." "యాల ఉండదు? బువ్వ పెట్టేది ఆయమ్మే గదా." వరుసలో మళ్లీ నవ్వులు. ఇంద్రజ మాత్రం నవ్వలేదు.

తెర పైమూలన, సంస్థవాళ్లు కొత్తగా పెట్టించిన చిన్న గడియారం నడుస్తోంది. దరఖాస్తు తెరవగానే ఆకుపచ్చగా మొదలై, సగటు దాటగానే ఎర్రబడుతుంది. కోడలి మాట దగ్గర అది ఎర్రబడింది. అవ్వ వేలు పెట్టేసరికి ఎర్రటి అంకెలు చాలా దూరం పోయాయి.

ఇంద్రజ తన ల్యాప్‌టాప్‌లో లెక్క తెరిచి చూసుకుంది. మెనూకు పట్టిన కాలం దాదాపు మాయమైపోయింది. దరఖాస్తుకు పట్టిన మొత్తం కాలంలో ఆ తేడా కనబడనే లేదు. కాలమంతా అవ్వ దగ్గర ఉంది. ఆమె వినడంలో, అనుమానపడడంలో, మళ్లీ అడగడంలో ఉంది. తాను తగ్గించగలిగింది మౌసు ప్రయాణాన్ని మాత్రమే. మనిషికి అర్థం కావడానికి పట్టే కాలాన్ని తగ్గించే మెనూ ఎవరూ గీయలేరు. ఇంత చిన్న సంగతి, వారం కింద ఇదే గోడవారగా కూర్చొని చూసినప్పుడే తెలియవలసింది. అప్పుడు తన కళ్లు మెనూ మీద ఉన్నాయి.

భ్రమరాంబిక గడియారం వైపు చూసి, ఇంద్రజ వైపు చూసి, తరువాతి మనిషిని పిలిచింది.

సాయంత్రం నంద్యాల బస్సులో ఇంద్రజ రూబెన్‌కు ఫోను చేసింది. చదివి వినిపించే కాలాన్ని కొలత నుంచి తీసేయమని వాళ్లను అడగమంది. "అడిగినా," అన్నాడు రూబెన్ మరునాడు. "వినిపించమని మేము చెప్పినామా అన్నారు."

*

శనివారం ఆమె మళ్లీ వచ్చేసరికి జనం వరుస గడప లోపలే ఉంది. ఫ్యాను కింద కుర్చీలు సగం ఖాళీగా ఉన్నాయి. లక్ష్మీనరసింహం ఎదురొచ్చి, "అమ్మాయీ, నీ చెయ్యి చల్లనిది. వారంలో మన కేంద్రమే ముందుందట. ఫోను చేసి మరీ చెప్పారు," అన్నాడు. ఆయన ముఖంలో కనిపించినది నిజమైన సంతోషం. ఎండలో ఎవరూ నిలబడి లేరు. అది కూడా నిజమే.

ఇంద్రజ బల్ల పక్కన నిలబడి తన ల్యాప్‌టాప్‌లో లెక్క తెరిచింది. సోమవారం 'తెలుగులో చూపు' వరుస వాడకం బాగా ఉంది. మంగళవారం మధ్యాహ్నం దాకా ఉంది. ఆ తరువాత లేదు. వరుస తన చోటనే ఉంది, బాణపు గుర్తుకు ఆనుకొని, పెద్ద తెలుగు అక్షరాలతో. దాన్ని తప్పించుకొని కిందికి పోవడానికి భ్రమరాంబిక చెయ్యి ప్రతిసారీ కాస్త ఎక్కువ దూరమే ప్రయాణం చేస్తోంది.

భ్రమరాంబిక ఎదుట అహోబిలం వైపు గూడెం నుంచి వచ్చిన మద్దమ్మ కూర్చుని ఉంది. ఇంటి మంజూరు కోసం దరఖాస్తు. భ్రమరాంబిక వేళ్లు చూడడానికి ముచ్చటగా కదులుతున్నాయి. ఎక్కడా తడబాటు లేదు. పైమూలన గడియారం పచ్చగా ఉంది. మానిటరు కదలలేదు. మద్దమ్మకు దాని వెనుక వైపు, నల్లటి ప్లాస్టిక్, వేలాడే వైర్లు మాత్రమే కనబడుతున్నాయి.

"ఏం రాసినావు బిడ్డా? సదివి ఇనిపీ," అంది మద్దమ్మ.

"నువ్వు సెప్పిందే రాసినా అవ్వా. ఏలు పెట్టు."

"మావోళ్లందరికీ నువ్వు సదివి ఇనిపిస్తావంట గదా. అందుకే దగ్గిరుండే సెంటరు ఇడిసిపెట్టి ఈడికొచ్చినా."

భ్రమరాంబిక చేతులు ఆగాయి. కానీ తల ఎత్తలేదు.

ఇంద్రజ ముందుకు వంగింది. "చూపించు భ్రమరాంబికా. ఒక్కటే కదా. ఏమైనా అంటే నేను చెప్పుకుంటా. నేనుండా కదా."

"నువ్వు ఈ పొద్దు ఉంటావక్కా." ఆమె గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు, ధర చెప్పినట్టు చెప్పింది. "రేపు నేనుండల్ల ఈడ. మా తమ్ముని హాస్టలు ఉండాది, మా యమ్మ మందులు ఉండాయి. నువ్వు పైకి తెచ్చినావు, బాగుండాది. దాన్ని నొక్కితే మాత్రం ఎర్రగైతాది."

"నొక్కకపోతే ఆ వరుస తీసేస్తారు."

"తీసెయ్ అక్కా." ఈసారి ఆమె తలెత్తి చూసింది. "అది కంటి ముందర లేకుంటేనే నాకు నిమ్మళం. నొక్కనందుకు ప్రతిసారీ నన్నే సూస్తాంది."

వాదించడానికి ఆధారం కావాలి. తెరమీదున్న ఆ దరఖాస్తులో తప్పు ఉందో లేదో ఇంద్రజకు తెలియదు. మద్దమ్మకు తెలియదు. భ్రమరాంబికకూ తెలియదు. బహుశా అంతా సరిగ్గానే ఉండవచ్చు. ఉండకపోనూవచ్చు.

మద్దమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. వాళ్లిద్దరి నడుమ ఏదో తగాదా నడుస్తోందనీ, దానికి తానే కారణమనీ అనుకున్నట్టుంది. "పోనీలే బిడ్డా, నీ మీద నాకు నమ్మకమే," అని బొటనవేలును చీరకొంగుకు తుడిచి యంత్రం మీద పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. తేనెకూ చీపురుపుల్లకూ అడవంతా తిరిగిన ఆ వేలి గీతలు అరిగిపోయి ఉన్నాయి. భ్రమరాంబిక కళ్లు గడియారం మీదికి పోయాయి. బల్లమీదుగా వంగి, మద్దమ్మ వేలిమీద తన వేలు పెట్టి, గట్టిగా ఒత్తింది. యంత్రంలో పచ్చ దీపం వెలిగింది. రసీదు బయటికి వచ్చింది.

మద్దమ్మ దానిని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. లేస్తూ, "నీ పేరేందమ్మా?" అని ఇంద్రజను అడిగింది. ఇంద్రజ చెప్పింది. "సల్లగుండు," అని దీవించి వెళ్లిపోయింది.

గడియారం అంకెలు చెరిగి, మళ్లీ పచ్చగా సున్నా నుంచి మొదలయ్యాయి. ఇంద్రజ ఇంకా బల్లకు అడ్డంగానే నిలబడి ఉంది. వెనకనుంచి ఒకాయన, చేతిలో ఆధార్ జిరాక్సు పట్టుకొని, "కొంచెం జరుగమ్మా, టైమైతాంది," అన్నాడు.

ఆమె జరిగింది.